వ్రాసి దాచిన దానిని మరల కనుగొనుట

మన పాఠశాల విద్యార్థులు కొందరు తమ పల్లెలను గూర్చిన సంగతులను సేకరించి కంప్యూటరులో వ్రాసి యుంచుకొనుచున్నారు. ఒకరు అవ్వ చెప్పిన చెరువుకట్ట కథను, ఒకరు మామిడి సంతలో విన్న ధరలను, మరియొకరు తమ యూరిలో మాత్రమే వినబడు మాటల పట్టికను వ్రాసిరి. ఇది మెచ్చదగిన పని. కాని యారు నెలలు గడచిన పిమ్మట “ఆ చెరువు సంగతి యేదీ?” యని యడిగినచో వెంటనే తీసి చూపగలవారు మిక్కిలి తక్కువ. “కొత్తది”, “కొత్తది 2”, “తెలుగు చివరిది” అను పేర్లతో ఫైళ్ళు రాసులుగా పడియుండును. పుస్తకమునకు చెదలు పట్టినను, ఫైలు రాసిలో మునిగినను కలుగు నష్ట మొక్కటియే. పైగా ఆ కథ చెప్పిన యవ్వ మరల చెప్పుటకు మన మధ్య నుండకపోవచ్చును. అందుచేత ఫైళ్ళకు ట్యాగులు, అనగా గుర్తుచీటీలు, కట్టు విధమును, తెలుగున వ్రాయువారికి అవి యేల మిక్కిలి యవసరమో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

మొదట సాధనమును గూర్చి రెండు మాటలు. టెక్స్టు ఎడిటరు అనగా కేవలము అక్షరములను మాత్రమే వ్రాసి దాచు ఉపకరణము. రంగులు, బొమ్మలు, పెద్దచిన్న అక్షరములు మొదలగు నలంకారము లందుండవు. కంప్యూటరుతో పాటు వచ్చు నోట్‌ప్యాడు మొదలుకొని, 1976వ సంవత్సరమున పుట్టి నేటికిని వాడుకలో నున్న వీఐ, ఈమ్యాక్స్ అనువాని వరకు ఇట్టివి పెక్కు కలవు. అలంకారము లేని ఫైలుకొక గొప్ప గుణము కలదు. దానిని ఏ కంప్యూటరైనను, ఏ కంపెనీ యనుమతియు లేకయే తెరువగలదు. అందలి యక్షరములను వెదకగలదు. ఊరి సంగతులవంటి చిరకాలము నిలువవలసిన వ్రాతలకు ఇదియే తగినదని మా యభిప్రాయము.

ఇక చిక్కెక్కడ నున్నది? సాధారణముగా మనము ఫోల్డరులు చేసి వానిలో ఫైళ్ళు పెట్టుదుము. “మామిడి” యని యొకటి, “రహదారి” యని యొకటి, “సంత” యని యొకటి. ఇప్పుడొక బాలుడు మొగిలి కనుమ దారిన తోతాపురి కాయల లారీలు పోవుటను గూర్చి, ఆ దినమున సంతలో పలికిన ధరను గూర్చి ఒక పుట వ్రాసెననుకొందము. ఆ పుట యే ఫోల్డరులో నుండవలెను? మూడింటికిని అది తగును. కాని పెట్టుట కొక్కచోటే వీలు. మామిడిలో పెట్టినచో, మరుసటి యేట రహదారిని గూర్చి వ్రాయు బాలికకు అది కనబడదు. మూడుచోట్లను నకలు పెట్టినచో, ఒక నకలులో దిద్దిన తప్పు తక్కిన రెంటిలో నట్లే యుండిపోవును.

ఈ చిక్కు కంప్యూటరుతో వచ్చినది కాదు. గ్రంథాలయముల వారు దీనిని చిరకాలముగా నెరుగుదురు. ఒక పుస్తకము ఒక అలమారలో ఒక చోటనే నిలువగలదు గదా! 1924వ సంవత్సరమున మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన షియాలి రామామృత రంగనాథన్ గారు అంతకు ముందు గణితోపాధ్యాయులు. అమెరికా దేశస్థుడైన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతిలో ప్రతి పుస్తకమునకును ముందుగానే నిర్ణయింపబడిన యొక గది యుండెడిది. రంగనాథన్ గారు 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణమున ఒక పుస్తకమును అనేక ముఖములుగా చూచిరి: ఇది దేనిని గూర్చినది, ఏమి చేయుటను గూర్చినది, ఏ దేశమునకు, ఏ కాలమునకు సంబంధించినది అని. ఆ ముఖములను కోలను మొదలగు చిహ్నములతో గూర్చి సంఖ్య కట్టిరి. పిల్లలు మెకానో ముక్కలను బిగించి కోరిన బొమ్మ చేసికొనునట్లు అన్నమాట. లండనులో నొక యంగడిలో ఆ యాటవస్తువును చూచినప్పుడే తమకీ యూహ తోచినదని వారే చెప్పిరి. పుస్తకము నిలుచుచోటు ఒకటియే యైనను, దానిని చేరుటకు దారులు పెక్కు ఉండవచ్చును. ట్యాగు పని యిదియే.

మన సీమలోనే ఇంతకంటె ప్రాచీనమైన తార్కాణ మొకటి కలదు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనములు తిరుమల యాలయమున రాగిరేకుల మీద చెక్కి భద్రపరుపబడినవి. అవి యధ్యాత్మ సంకీర్తనములు, శృంగార సంకీర్తనములు అని రెండు వర్గములు. ఇది ఫోల్డరు వంటిది. ఒక పాట ఒక వర్గముననే యుండును. కాని ప్రతి పాటకును ముందు దాని రాగము పేరుకూడ చెక్కబడినది. ఇది ట్యాగు వంటిది. ఒకే రాగము పేరు అధ్యాత్మ రేకులలోను కనబడును, శృంగార రేకులలోను కనబడును. నేడు దొరకిన పాటలు సుమారు పదునాలుగు వేలు. ఆ చిన్న రాగనామము చెక్కకపోయినచో, ఏ పాట నే రాగమున పాడెడివారో ఊహించుటకైనను మనకాధార ముండెడిది కాదు. చెక్కినవాని కది యొక్క మాట పని. మనకది తరగని యుపకారము.

మా గ్రామమునే మరియొక యుదాహరణముగా గైకొందము. చిత్తూరు జిల్లా 1911వ సంవత్సరమున నేర్పడినది. అంతకు పూర్వము చిత్తూరు, పలమనేరు ప్రాంతములు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. కాబట్టి బంగారుపాళ్యము పూర్వ చరిత్రను వెదకువారు ఆర్థర్ కాక్స్ దొర 1881లో ప్రకటించిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువలు వంటి గ్రంథములను చూడవలెనే కాని, చిత్తూరు పేర వెదకినచో ఆ కాలపు వ్రాత లేవియు దొరకవు. తరువాత 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినది. 2022లో చిత్తూరు జిల్లాయే మరల విభజింపబడి తిరుపతి వేరొక జిల్లా యైనది. ఇట్లు జిల్లాల పేర్లను బట్టి ఫోల్డరులు చేసినవాడు కొంతకాలమున కొకసారి తన సామాను సర్దుకొనవలసినదే! ఊరి పేరు ట్యాగుగా నుంచినవానికి ఆ బాధ లేదు. ఊరు కదలలేదు, పైనున్న పలకలు మాత్రము మారినవి.

ట్యాగనగానే మన పిల్లలకు పశువుల చెవులకు తగిలించు పసుపుపచ్చని బిళ్ళ జ్ఞప్తికి వచ్చును. పాలావులు గల ప్రతి యింటను అది కనబడును. కాని యందలి పండ్రెండంకెల సంఖ్య ఒక్క పశువునకే చెందును, రెండవదాని కుండరాదు. మనము చెప్పు ట్యాగు దానికి సరిగా విరుద్ధము. ఒకే ట్యాగు పెక్కు ఫైళ్ళకు, ఒకే ఫైలునకు పెక్కు ట్యాగులు ఉండవచ్చును, ఉండవలెను కూడ.

ఇచ్చట బుద్ధిమంతుడైన విద్యార్థి యొక ప్రశ్న వేయును. “కంప్యూటరు ఏ మాటనైనను క్షణములో వెదకి యిచ్చును గదా. మామిడి యని వెదకినచో మామిడి గల ఫైళ్ళన్నియు వచ్చును. వేరుగా గుర్తులేల?” అని. ఈ ప్రశ్నకు ఇంగ్లీషువారు చెప్పు సమాధానము వేరు, మనము చెప్పవలసిన సమాధానము వేరు. మన భాషలో మాటలు ఒక రూపున నిలువవు. “మామిడి” యని వెదకినచో “మామిడికి”, “మామిడితోట” దొరకును, “మామిళ్ళు” దొరకదు, సంధి జరిగిన “మామిడాకు” సైతము దొరకదు. చివరి గుడిని తీసివేసి “మామిడ” యని వెదకినచో మామిడాకు దొరకును గాని మామిళ్ళు అప్పుడును దొరకవు. “ఇల్లు” అని వెదకినవానికి “ఇంటికి”, “ఇండ్లు”, “ఇళ్ళలో” అనునవి కనబడవు. “నీరు” వెదకినచో “నీళ్ళు”, “నీటి” తప్పిపోవును. “కాయ” యని వెదకినవానికి “కూరగాయలు” చిక్కవు. సంధిలో కకారము గకారమైనది గదా. వ్యాకరణము బడిలో పరీక్షకే గాని బయట నక్కరకు రాదనువారు ఈ యొక్క సంగతిని గమనింతురు గాక.

తక్కువ దొరకుట యొక కీడైతే ఎక్కువ దొరకుట మరియొక కీడు. “సంత” యని వెదకి చూడుడు. సంతకము, సంతానము, సంతోషము, వసంతము అన్నియు వచ్చి మీద బడును. “ఏళ్ళు” అన్నచో నదులును వచ్చును, సంవత్సరములును వచ్చును. “పళ్ళు” అని వెదకినచో తోటలోని పండ్లతో పాటు నోటిలోని దంతములు కూడ వచ్చును! ఇన్నింటిలో మనకు కావలసినది యేరుకొనుటకు పట్టు కాలములో ఆ వ్యాసమును క్రొత్తగా వ్రాయవచ్చును.

ఒక్క పేరునే పలువురు పలువిధముల వ్రాయుట గలదు. బంగారుపాళ్యం, బంగారుపాళ్యము, బంగారుపాళెం, బంగారుపాలెం: ఇవి నాలుగును ఒక్క యూరే యని మనకు తెలియును, యంత్రమునకు తెలియదు. ఈ వ్యాసమున మేము వ్రాసిన “బంగారుపాళ్యము” సైతము సున్నతో వెదకువానికి దొరకదు. పెద్దలు “చెఱువు” అని బండిఱతో వ్రాయుదురు. పిల్లలు “చెరువు” అని వ్రాయుదురు. వెదకుటలో నవి రెండు వేరు మాటలే.

ఇవియన్నియు కంటికి కనబడు భేదములు. కనబడని భేదములును కలవు. 1991వ సంవత్సరమునుండి తెలుగు లిపికి యూనికోడు పట్టికలో 128 స్థానము లేర్పరుపబడినవి. ఒక్కొక్క అక్షరమునకు, గుణింతపు గుర్తునకు ఒక్కొక్క సంఖ్య. ఐత్వమునకు ఒకే సంఖ్య కలదు. కాని ఎత్వపు గుర్తును, దాని క్రింది భాగపు గుర్తును విడివిడిగా కూర్చినను అదే ఐత్వము కనబడును. చూపునకు ఒకటే, లోన రెండు. ఇట్లే “నోట్‌ప్యాడు” వంటి మాటలలో పొల్లు తరువాత వచ్చు అక్షరము వత్తుగా మారకుండుటకై మధ్య కనబడని యొక చిహ్నమును చేర్చుదురు. ఒకడు దానిని చేర్చును, ఒకడు చేర్చడు. మంచి ఎడిటరులు కొన్ని ఈ భేదములను తామే సరిచూచుకొనును, అన్నియు చూచుకొనవు. అందువలన ట్యాగుగా నెన్నుకొను మాటలో ఇట్టి తంటాలు లేకుండ, చిన్నదిగా, తేటగా నుండునట్లు చూచుకొనుట మేలు.

ఈ చిక్కులన్నిటికిని విరుగుడు ఒక్క పంక్తి. ఫైలు తలయందు తేదీని, శీర్షికను వ్రాసి, దాని క్రింద నీ విధముగా వ్రాయవలెను.

తేదీ: 2025 జూన్ 14
శీర్షిక: సంతలో తోతాపురి ధర
:బంగారుపాళ్యం:మామిడి:సంత:

ప్రతి ట్యాగునకును ఇరుప్రక్కల కోలను ఉండుటను గమనింపుడు. కార్‌స్టెన్ డొమినిక్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు 2003లో ఈమ్యాక్స్‌కై రచించిన ఆర్గ్ మోడ్ అను సాధనములో ట్యాగులను ఇట్లే వ్రాయుదురు. కొందరు మాటకు ముందు # గుర్తు నుంచుదురు; అదియు మంచిదే కాని, “#సంత” యని వెదకినవానికి “#సంతకం” కూడ వచ్చును. రెండువైపుల కంచె యున్నచో పొరుగు పశువు దూరదు. “:సంత:” అని వెదకినచో సంత తప్ప వసంతము రాదు, సంతోషము రాదు. వ్యాసమున మామిళ్ళు అని యున్నను, మామిడాకు అని యున్నను, అసలు మామిడి పేరే యెత్తక “కాయ” యని మాత్రమే వ్రాసియున్నను, తలయందలి ట్యాగు మాత్రము “మామిడి” యే. మాట యెన్ని వేషములు వేసినను ట్యాగు ప్రథమా విభక్తిలో ఏకవచనమున నిలిచియుండును. రెండు పదముల ట్యాగు కావలసినచో నడుమ ఖాళీ విడువక అడుగుగీతతో కలుపవలెను: నీటి_పారుదల.

ఫైలు పేరులోనే ట్యాగులను చేర్చు మరియొక పద్ధతి కలదు. ప్రొటెసిలావోస్ స్టావ్రూ అనునతడు 2022లో రచించిన డినోట్ అను సాధన మీ త్రోవది. దానిలో ఫైలు పేరునకు మొదట తేదీయు సమయమును, తరువాత రెండు అడ్డగీతలు, శీర్షిక, తరువాత రెండు అడుగుగీతలు, ట్యాగులు ఉండును. ఫైలు తెరువకయే అందలి విషయము తెలియుట ఇందలి సౌకర్యము. కాని తెలుగువారి కొక యిబ్బంది. లినక్సు వంటి వ్యవస్థలలో ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగులో ప్రతి యక్షరమునకును, ప్రతి గుణింతపు గుర్తునకును మూడేసి బైట్లు పట్టును. “తోతాపురి” యను నాలుగక్షరముల మాటకే ఇరువదినాలుగు బైట్లు వ్యయమగును. నాలుగైదు ట్యాగులు, ఒక నిడుపాటి శీర్షిక చేరినచో తావు చాలదు. కాబట్టి తెలుగున వ్రాయువారు ఫైలు పేరులో తేదీని, పొట్టి శీర్షికను మాత్రముంచి ట్యాగులను లోపలనే వ్రాయుట మంచిదని మేము తలంచుచున్నాము.

వెదకుట సులభము. ఎడిటరులలో పెక్కింటియందు ఒక ఫోల్డరులోని ఫైళ్ళన్నిటిని ఒకేసారి వెదకు వసతి కలదు. మొదట “:మామిడి:” అని వెదకవలెను. వచ్చిన వానిలో మరల “:సంత:” అని వెదకవలెను. రెండును గలవి మాత్రము మిగులును. ఇంకను “:రహదారి:” అన్నచో మొగిలి కనుమ లారీల పుట చేతికి వచ్చును. అది యే ఫోల్డరులో నున్నదో తలచుకొన నక్కరలేదు.

ఇంతవరకు యంత్రపు పని. అసలు కష్టము మాటల నెన్నుకొనుటలో నున్నది. తోతాపురి కాయను మన ప్రాంతమున కొందరు బెంగుళూరా అందురు, కోస్తా జిల్లాలలో కలెక్టరు కాయ యందురు, మరికొన్నిచోట్ల గినిమూతి యందురు. నలుగురు విద్యార్థులు నాలుగు ట్యాగులు పెట్టినచో, ఒకే కాయను గూర్చిన నాలుగు వ్యాసములు నాలుగు దిక్కులకు పోవును. దీనికై ప్రతి తరగతియు “ట్యాగుల పట్టిక” యను ఫైలు నొకదానిని ఉంచుకొనవలెను. అందు అకారాది క్రమమున, అంగీకరించిన మాటయు, దాని యెదుట విడిచిపెట్టిన మాటలును వ్రాయవలెను: “తోతాపురి — బెంగుళూరా, కలెక్టరు, గినిమూతి అనకుడు” అని. విడిచిన మాటను వ్యాసమున వాడరాదని యర్థము కాదు. అవ్వ “బెంగుళూరా” అన్నచో వ్యాసమున అట్లే యుండవలెను. ఆ మాటకే విలువ గలదు. ట్యాగు మాత్రమే అందరికి నొకటి.

ట్యాగులు ఎన్ని యుండవలెను? ఉత్సాహవంతులు ఒక్క పుటకు పదునైదు తగిలింతురు. అది తోరణమగును గాని గుర్తు కాదు. ఊరు, వస్తువు, పని: ఈ మూటికిని ఒక్కొక్కటి చాలును, అవసరమైనచో చెప్పినవారిని బట్టి “పెద్దల_మాట” యని యొకటి చేర్చవచ్చును. ఒకే ఫైలునకు తప్ప మరి దేనికిని తగులని ట్యాగు వలన ప్రయోజనము లేదు. అన్ని ఫైళ్ళకు తగులు ట్యాగు వలనను లేదు. మన పాఠశాలలో వ్రాసిన ప్రతి దానికి “పాఠశాల” యని తగిలించుట యిట్టిదే. పెద్దల పేర్లను, ఫోను నంబర్లను ట్యాగులుగా పెట్టకుడు. వారు మనకు సంగతి చెప్పిరి గాని తమ్మును వెదకి పట్టుమని చెప్పలేదు.

ఇప్పటికే వందలకొలది ఫైళ్ళు పోగైనవారు ఏమి చేయవలెనని తల్లిదండ్రులు కొందరు అడుగుదురు. అన్నిటిని ఒక సెలవు దినమున కూర్చుండి సర్దుటకు పూనుకొనకుడు. అది మధ్యాహ్నమునకే విడిచిపెట్టు పని. నేటినుండి క్రొత్తగా వ్రాయుదానికి ట్యాగు పెట్టుడు. పాతదానిని ఏ పనిమీదనైనను తెరచినప్పుడు, మూయుటకు ముందు దానికిని మూడు మాటలు చేర్చుడు. ఏడాదిలో మీకు నిజముగా నక్కరకు వచ్చు ఫైళ్ళన్నిటికిని చీటీలు పడును. పెద్దలు చెప్పిన సంగతులకు మాత్రము ఈ వాయిదా కూడదు. ఎవరు, ఏ యూర, ఏ దినమున చెప్పిరో జ్ఞాపకమున్న నాటనే వ్రాయవలెను.

ట్యాగుల పట్టిక మొదటి ప్రతిని తొమ్మిదవ తరగతివారు సిద్ధపరచి గ్రంథాలయములోని కంప్యూటరులో నుంచవచ్చును. క్రొత్త మాట చేర్చదలచినవారు మొదట అందు వెదకి, అదే యర్థము గల మాట ముందే లేదని చూచుకొని, పిమ్మట చేర్చవలెను. “చెరువు”నకు ఏ రకారము నుంచవలెనో తెలుగు పండితులవారు తేల్చి చెప్పుదురు గాక.